మూడొందలు పెట్టి మూడు

ఇవాళ షాట్ డే, అంటే మా ప్రయోగానికి లేజర్ పేల్చే రోజు. ఐదింటికి లేచి కిటికీ తెర తీస్తే అమెరికాలోని ఈ రోచెస్టర్ మళ్లీ తెల్లగా ఉంది. ఆంటారియో సరస్సు మీంచి రాత్రంతా వచ్చిన మంచు కారు మీద జానెడు పేరుకుంది. గీకేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి.

తేలిక పరమాణువుల కేంద్రకాల్ని కలిపి శక్తి రాబట్టే ఫ్యూజన్ పరిశోధనకి వాడే ఇక్కడి ఒమేగా లేజర్ మాకు రోజూ దొరకదు. 60 కిరణాలు, అన్నీ కలిపి 30 కిలోజౌళ్లు, నానోసెకను అటూ ఇటూ. మా ప్రయోగానికి అన్నీ అక్కర్లేదు. కొన్ని కిరణాలు, కందిబద్దంత ప్లాస్టిక్ రేకు ఉంటే చాలు. ఇంచుమించు గంటకో షాట్. లేజర్‌లోని గాజు చల్లారేలోపు డేటా చూసి, తర్వాతిదానికి ఏం మార్చాలో చెప్పేయాలి.

లేజర్ తగలగానే రేకు పై పొర ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి వాయువు, అయిపోతుంది. వెనకాల వచ్చే కాంతి దాంట్లోంచి వెళ్లాలి, అక్కడే పేచీ. కాంతి ప్లాస్మాలో ఎలక్ట్రాన్ల అల లేపుతుంది. ఆ అల కాంతిలో కొంత వెనక్కి తోస్తుంది. తోసే కొద్దీ అల పెరుగుతుంది, పెరిగే కొద్దీ ఇంకా తోస్తుంది. దీని పేరు స్టిమ్యులేటెడ్ రామన్ స్కాటరింగ్. రామన్ అంటే మన సి.వి. రామనే, చిన్నప్పుడు మా విశాఖలో చదువుకున్నాయన. 1928లో ఆయన ద్రవాల్లో చూసింది, అణువుల కంపనానికి కాస్త శక్తి ఇచ్చేసి రంగు మారి బయటికొచ్చే కాంతిని. ఇక్కడ అణువు బదులు ప్లాస్మా అల. మా ఊళ్లో చదివినాయన పేరున్న దాన్ని నష్టం పద్దులో రాసుకోవడం నా ఉద్యోగం.

ఉత్త నష్టమే అయితే సరిపెట్టుకోవచ్చు. ఆ అలలెక్కి కొన్ని ఎలక్ట్రాన్లు విపరీతమైన వేగం అందుకుంటాయి. అసలు ఫ్యూజన్ షాట్లలో లేజర్‌తో నొక్కే చిన్న ఇంధనపు గోళీలోకి అవి దూరి ఇంధనాన్ని ముందే వేడెక్కిస్తాయి. చల్లగా ఉంటే నొక్కుడుకి లొంగేది, వేడెక్కాక మొండికేస్తుంది.

మొదటి షాట్ నేనే పాడుచేశాను. తిరిగొచ్చే కాంతిని రంగులుగా విడదీసే స్పెక్ట్రోమీటర్ ముందు, కాంతి తగ్గించడానికి పెట్టే ఫిల్టర్‌కి పోయినసారి లెక్కే రాసిచ్చాను. ఈసారి లేజర్ తీవ్రత పెంచమన్నది కూడా నేనే! స్క్రీన్ మీద నడిమధ్యన తెల్లటి మచ్చ. కెమెరా పూర్తిగా సాచురేట్ అయింది, పట్టగలిగిన దానికన్నా ఎక్కువ కాంతి పడింది. ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. షాట్ డైరెక్టర్ మాత్రం "తర్వాతిదానికి ఏ ఫిల్టర్?" అని అడిగారు. బయట అంత చలిలో నాకు లోపల చెమటలు.

రెండోదానికి బొమ్మ పడింది. అడ్డంగా తరంగదైర్ఘ్యం, నిలువుగా కాలం. లోపలికి పంపింది 351 నానోమీటర్ల అతినీలలోహితం, కంటికి కనపడదు. తిరిగొచ్చింది మాత్రం 500, 600 దాటి, కనిపించే రంగుల్లో. 702 దగ్గర, అంటే సరిగ్గా రెట్టింపు దగ్గర, కాస్త చీలిన సన్నటి గీత. ఆ చీలిక వెడల్పుని బట్టి ప్లాస్మా ఎంత వేడిగా ఉందో అంచనా కట్టొచ్చు. దాన్ని చూస్తూ కాఫీ సంగతే మర్చిపోయాను.

పదకొండున్నరకి నాన్న ఫోన్. అక్కడ రాత్రి పది. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు కదా, ఎప్పుడూ అదే ప్రశ్న.

"ఏటమ్మా, ఎంత కరెంటొచ్చింది?"

"ఇక్కడ కరెంటు రాదు నాన్నా."

"మరి పేపర్లో గెలిచేశారని రాశారు?"

అది కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ల్యాబ్ సంగతి, 2022 డిసెంబరు 5 నాటిది. 2.05 మెగాజౌళ్ల కాంతి పంపితే ఫ్యూజన్ నుంచి 3.15 వచ్చింది. ఆ లేజర్ నడపడానికి గోడ ప్లగ్గు నుంచి లాగింది దాదాపు 300 అని కూడా చెప్పాను. నాన్న దగ్గర దాచి లాభం లేదు.

"అంటే మూడొందలు పెట్టి మూడు తెచ్చుకున్నారన్నమాట."

"అంతే."

కాసేపు మాట్లాడలేదు. "సర్లే, టైముకి తిను" అని పెట్టేశాడు. ఆ మూడొందల్లో ఎక్కువ భాగం లేజర్ తయారయ్యేలోపే పోతుంది, దాని సంగతి చూసేవాళ్లు వేరే ఉన్నారు. నేను చూసేది గుమ్మందాకా వచ్చి లోపలికి రాకుండా వెనుదిరిగిపోయే కాంతిని.

చివరి షాట్ అయ్యేసరికి ఆరున్నర. లాగ్‌బుక్‌లో మొదటి షాట్ ఎదురుగా "ఫిల్టర్ తప్పు, నాదే" అని రాసి సంతకం పెట్టాను. కారు దగ్గరికొస్తే మళ్లీ మంచు. ఫోన్‌లో మెసేజ్, తెల్లారకుండానే లేచినట్టున్నాడు నాన్న: "వెనక్కొచ్చేది వందకి ఎంత?"

రేపు లెక్క చూసి చెప్తానని రాశాను.