గల్ఫ్ పెట్టెలో ఏ గుడ్డ సర్దాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వెల్డర్‌గా గల్ఫ్ వెళ్లేవాళ్లు పెట్టెలోంచి ముందు తీసెయ్యాల్సింది పాలిస్టర్ బనియన్లు. చౌకే, తొందరగా ఆరతాయి కూడా. కాని కవరాల్‌లోకి (ఒళ్లంతా కప్పే పనిదుస్తులోకి) నిప్పురవ్వ దూరితే నూలుగుడ్డకి చిల్లు పడుతుంది, పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కవరాల్ లేబులూ చూడాలి. 65 శాతం పాలిస్టర్, 35 శాతం కాటన్ అని ఉంటే వెల్డింగ్‌కి పనికిరాదు. పూర్తి కాటన్, లేదా మంట అంటకుండా మందు పట్టించిన కాటన్ అడగాలి.

మందు పట్టించిన కవరాల్ పనిచేసే యార్డులో కంటే రూములో ఉతుకు దగ్గరే పాడవుతుంది. బ్లీచ్ వేస్తే మందు పోతుంది. నురగరాని నీళ్లలో సబ్బుబిళ్లతో రుద్దితే దారాల్లో తెల్లమడ్డి పేరుకుంటుంది, రవ్వ పడితే అంటుకునేది ఆ మడ్డే. గంజీ వద్దు, వాసన కోసం పోసే కండిషనరూ వద్దు. లిక్విడ్ డిటర్జెంట్‌తో ఉతికి, రెండుసార్లు జాడించాలి.

కాటన్ బనియన్‌కీ లోపం ఉంది: చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది, చంకల్లో ఒరుస్తుంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. ఆ విరామంలో పొడిది మార్చుకోవాలి. అంటే రోజుకి రెండు, మూడు రోజులకి సరిపడా మొత్తం ఆరు.

దుకాణంలో 'ప్యూర్ కాటన్' అన్నారని అరడజను కొనేయొద్దు. ఒకటి కొని, అంచున దారం లాగి, పళ్లెం మీద వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైతే నూలు. ముడుచుకుపోయి నల్లపూసలా గట్టిపడితే పాలిస్టర్. రెండు లక్షణాలూ ఉంటే రెండూ కలిసిన గుడ్డ.

మరి అదే జిల్లా పొందూరు ఖాదీ? వారం సెలవుకి, ఊరొచ్చే రోజుకి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, ఒంటికదురు రాట్నం మీద వడికిన ఆ సన్నదారం క్యాంపు వాషింగ్ మెషీన్‌కి ఆగదు. కుట్టించే ముందు రాత్రంతా నానబెట్టండి, లేకపోతే మొదటి ఉతుకులోనే చొక్కా బిగుతవుతుంది. చేనేతని ఖాదీ అనుకోవద్దు: చేనేతకి నూలు మిల్లుదైనా సరే, ఖాదీకి వడుకూ నేతా రెండూ చేతివే. వడికేది ఎక్కువగా ఆడవాళ్లే. బేరమాడితే తెగ్గోసేది వాళ్ల కూలే.

చిరిగిన కాటన్ బనియన్ యార్డులో నూనె తుడవడానికి పనికొస్తుంది. తుడిచిన గుడ్డ మాత్రం వెల్డింగ్ దగ్గర ఉంచొద్దు.