మీటర్ కదులుతది, మాట పోదు: లైనక్స్ మైక్‌తో నా అనుభవం

కాల్‌ల నా మాట అవతలికి ఎందుకు పోతలేదో నిన్న రాత్రి తేలింది, మర్చిపోకముందే రాస్తున్న. నల్లగొండ నుంచి హైదరాబాద్ టీంతో రోజూ వీడియో కాల్‌ల ఉండేటోళ్లకు పనికొస్తది. నాది ఉబుంటు 24.04, సౌండ్ చూసుకునేది పైప్‌వైర్.

మామూలు పరీక్షలు పావుగంట పని. బ్రౌజర్‌ల మైక్‌కు అనుమతి ఉంది. టెర్మినల్‌ల 'ఏరికార్డ్' కమాండ్‌కు హైఫన్, చిన్న ఎల్ తగిలిస్తే సౌండ్ కార్డు కనపడింది. (కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల ఏమీ కనపడకపోతే సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి.) అల్సామిక్సర్‌ల (టెర్మినల్‌ల సౌండ్ మీటలు చూపే ప్రోగ్రాం) ఎఫ్6తో కార్డు ఎంచుకొని, ఎఫ్4 నొక్కి, స్పేస్‌తో క్యాప్చర్ (రికార్డింగ్) ఆన్ చేసిన. ఇంటర్నల్ మైక్ బూస్ట్ ఒక్క మెట్టు చాలు, ఎక్కువ పెడితే సీలింగ్ ఫ్యాన్ మోతే ముందు పోతది.

అసలు తిప్పలు ఇక్కడ మొదలైనయ్. రికార్డ్ చేసుకొని వింటే నా గొంతు మంచిగనే ఉంది. పావుకంట్రోల్‌ల (సౌండ్ సర్దుకునే కిటికీ) మైక్ మీటర్ ఊగుతుంది. కాల్‌లకు పోతే మాత్రం పది మంది ముందట "అన్నా, మ్యూట్ల ఉన్నరు" అంటరు. మ్యూట్ల లేను. మూడు రోజులు ఇదే మాట పడ్డ. రిపేర్ షాపుల చూపిస్తే, మూత కూడా తెరవకుండ "మైక్ పోయింది, బోర్డు మార్చాలె, లేకుంటే విండోస్ వేసుకోండి" అన్నడు. రికార్డింగ్ వినిపిస్తున్న మైక్ ఎట్ల పోతది? వినిపించి అడిగినా జవాబు లేదు. పరీక్షించకుండ పార్టు మార్చమనేటోడి దగ్గరికి మళ్లా పోకండి.

అసలు కారణం దొరికింది ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాంల. స్టీరియోల (ఎడమ, కుడి రెండు ఛానెళ్లతో) ఐదు సెకన్లు రికార్డ్ చేసి, తరంగం బాగా పెద్దగ చేసి చూసిన. పైన ఎడమ గీత లేచిన చోటల్లా కింద కుడి గీత అంతే లోతుకు దిగుతుంది, అద్దంల బొమ్మ లెక్క. రెండిటినీ కలిపి మోనో (ఒక్కటే ఛానెల్) చేస్తే దాదాపు చదును గీత మిగిలింది. కొన్ని ల్యాప్‌టాప్‌ల లోపలి మైక్ కుడి ఛానెల్ ఇట్లనే తిరగబడి వస్తది. మనం వినేటప్పుడు ఒక్కో చెవికి ఒక్కో ఛానెల్ పోతది కాబట్టి తెల్వదు. కాల్‌ల రెండూ కలిపి మోనోగ పంపుతరు. ఒకటి ప్లస్, ఒకటి మైనస్, మాట మాయం.

మందు చిన్నదే. పావుకంట్రోల్‌ల ఇన్‌పుట్ డివైసెస్‌కు పోయి, మైక్ పక్కన తాళం గుర్తు నొక్కితే రెండు ఛానెళ్లు విడిపోతయ్. ఫ్రంట్ రైట్‌ను (కుడి ఛానెల్) సున్నాకు దించండి. నా మాట అప్పుడే అవతలోళ్లకు వినపడ్డది.

కానీ జూమ్‌ల మైక్ వాల్యూమ్ తానే సర్దుకునే టిక్ ఉంటది, అది తీసేయాలె. లేకుంటే రెండు ఛానెళ్లనూ మళ్లా సమానం చేయొచ్చు. అల్సామిక్సర్‌ల 'ఇన్వర్టెడ్ ఇంటర్నల్ మైక్' అనే మీట కనపడితే ఇంకా సులువు, దాన్ని మ్యూట్ చేస్తే సరి. నా దాంట్ల లేదు.

అందుకే పాక్టీఎల్ (సౌండ్‌ను నడిపించే కమాండ్) తో రీమ్యాప్ సోర్స్ మాడ్యూల్ ఎక్కించిన, అది ఎడమ ఛానెల్ ఒక్కటే తీసుకొని కొత్త మైక్ లెక్క చూపిస్తది. మాస్టర్ దగ్గర లోపలి మైక్ పేరు ఇచ్చి, ఛానెల్స్ 1, మాస్టర్ ఛానెల్ మ్యాప్ ఫ్రంట్-లెఫ్ట్, ఛానెల్ మ్యాప్ మోనో, రీమిక్స్ నో అని పెట్టాలె. సోర్సుల జాబితాల 'మానిటర్' అని ముగిసే పేర్లు మైకులు కావు, అవి స్పీకర్‌కు పోయే సౌండే. ఎంచుకునేటప్పుడు జర చూసుకోండి. రీబూట్ అయితే మాడ్యూల్ పోతది, కాబట్టి ఆ కమాండ్‌ను స్టార్టప్ అప్లికేషన్లల చేర్చిన. కాల్‌ల మైక్ జాబితాల ఇప్పుడు ఇంకో పేరు కనపడుతది, దాన్నే ఎంచుకోవాలె.