వార్తాహరుడు వణకాలి

మన పూర్వ విద్యార్థుల కలయిక సంచికకు ఏదైనా రాయమని కమిటీ తరఫున, బడి నాటకంలో మన రెండో భటుడు మూడుసార్లు ఫోను చేశాడు. "మన బడి, మన రోజులు" అని శీర్షిక కూడా తనే పెట్టి ఇచ్చాడు. బడి మొత్తం గురించి రాయడం నా వల్ల కాదు, క్షమించాలి. ఆరు, ఏడు తరగతులు ఎలా గడిచాయో నాకు గుర్తే లేదు. తొమ్మిదిలో మనకు లెక్కలు ఎవరు చెప్పారో నిన్న రాత్రి ఎంత ఆలోచించినా తట్టలేదు. నాకు మిగిలినదల్లా మేడమీది పొడుగాటి గది, గోడకు చేర్చిన బల్లలు, చిరుగుకు మాసిక వేసిన నీలం తెర, మన నాటకాల మాస్టారు. అందుకే ఆ గది గురించే రాస్తున్నాను.

ఉదయం ప్రార్థనలో నేను ఆగిపోయిన రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎనిమిదో తరగతి. వార్తలు చదవడం ఆ రోజు నా వంతు. కాగితం చేతిలోనే ఉంది, అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి, గొంతు మాత్రం పెగల్లేదు. ఎవరో వచ్చి నా చేతిలోంచి కాగితం తీసుకుని మిగతాది చదివారు. ఆ తర్వాత నా వంతు వచ్చిన ప్రతిసారీ ముందురోజు రాత్రి నుంచే కడుపునొప్పి. బడి ఎగ్గొట్టడానికి ఆడిన అబద్ధం కాదు, నిజంగానే వచ్చేది. "భయపడకు" అని అందరూ అన్నారు. వాళ్లు ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నా భయానికి సిగ్గు కూడా తోడయ్యేది.

మాస్టారు ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఒక సాయంత్రం నన్ను పైకి పిలిచి, కాగితాల కట్ట, ఎర్ర పెన్సిలు చేతికిచ్చి, "తెర పక్కన నిలబడు. ఎవరైనా మాట మరిచిపోతే అందించు. నువ్వు ఎవరికీ కనిపించవు" అన్నారు. అంతే. ఏడాదిన్నర పాటు నా చోటు అదే. మీరు అటు తిరిగి వెలుగులో ఉండేవారు, నేను ఇటు చీకట్లో మీ ఊపిరి వింటూ ఉండేదాన్ని.

ఊపిరి అని ఊరికే అనలేదు. మాట మరిచిపోయే మనిషికి ముందు ఊపిరి ఆగుతుంది. నెల తిరక్కుండానే ఆ ఆనవాలు పట్టేశాను. మహారాణి "మంత్రివర్యా" అనే ముందు భుజాలు పైకి లేచేవి. మూడో పౌరుడు మడమతో నేలను రాసేవాడు. ఎవరు ఎక్కడ తడబడతారో ఆ మాట పక్కన ఎర్ర గీత పెట్టుకునేదాన్ని, గీత దగ్గరికి రాగానే పెదవులు సిద్ధం చేసుకునేదాన్ని. అందరికంటే ఎక్కువ గీతలు ఎవరివో తెలుసా? చక్రవర్తివి. క్రికెట్ మైదానంలో ఎవరికీ లొంగని మన చక్రవర్తి, తెర లేచే ముందు నా చెయ్యి పట్టుకుని నిలబడేవాడు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉండేది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం అతని అనుమతి తీసుకున్నాకే ఇది రాస్తున్నాను.

భయం నాకొక్కదానికే ఉందనుకున్నంత కాలం అది నా లోపంగానే అనిపించింది. పదిహేనుమందికీ ఉందని చెవులారా విన్నాక ఆ బరువు సగం దిగిపోయింది.

ఇక పదో తరగతి. వార్షికోత్సవానికి నెల రోజులుందనగా మాస్టారు మూడో రంగంలో ఒక కొత్త పాత్రను చేర్చారు. వార్తాహరుడు. ఒకే ఒక్క మాట: "ప్రభూ, ఉత్తర ద్వారం కూలిపోయింది!" ఆ కాగితం నా ముందు పెట్టారు. "నేను వణికిపోతాను మాస్టారూ" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "వణకాలి మరి. ఆమడ దూరం పరుగెత్తి వచ్చినవాడు వణక్కుండా చెబితే చక్రవర్తి నమ్ముతాడా?" అన్నారు.

అప్పటి నుంచి రిహార్సల్ జరిగిన ప్రతిరోజూ వరండా ఈ చివర నుంచి ఆ చివరకు మూడుసార్లు పరుగెత్తించి, రొప్పుతూ ఉండగానే రంగం మీదికి తోసేవారు. ఆ పరుగు మీ అందరికీ తెలుసు. మెట్ల దగ్గర కూర్చుని లెక్కపెట్టింది మీరే కదా! పరుగెత్తినప్పుడు గుండె దడదడలాడింది, చేతులు వణికాయి, గొంతు ఎండిపోయింది. ప్రార్థనలో నేను ఆగిపోయిన రోజు ఏమేం జరిగిందో సరిగ్గా అవే. వాటితోనే నా మాట చెప్పాను, వచ్చేశాను. మర్నాడు మళ్లీ అంతే. వార్షికోత్సవం నాడు "ఉత్తర" దగ్గర నా గొంతు బొంగురుపోయింది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. నన్ను చూసి కాదు, కోట కూలిందని. ఆ క్షణంలో చక్రవర్తి ఒక అడుగు వెనక్కి వేశాడు. రిహార్సల్లో లేని అడుగు అది.

నేనిప్పుడు చేస్తున్న పని మీలో కొందరికి తెలుసు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలతో నాటకం, బొమ్మలు, మాస్కులు, రంగులు. పరీక్ష అంటే వాంతులయ్యేవాళ్లు, తరగతిలో నోరు విప్పనివాళ్లు, నలుగురున్న గదిలోకి రాలేనివాళ్లు వస్తారు. ఈ పనికి శిక్షణ తీసుకుంటున్నప్పుడు, మేడమీది గదిలో మాస్టారు చేసినవాటికి ఒక్కొక్క పేరు దొరుకుతూ వచ్చింది. భయపడే చోటి నుంచి తప్పించుకున్న కొద్దీ భయం బలపడుతుంది, తట్టుకోగలిగినంత మేరకు మెట్టు మెట్టుగా దగ్గరికి వెళితే సడలుతుంది. తెర పక్క చోటు మొదటి మెట్టు, ఒక్క మాట రెండో మెట్టు. కావాలని పరుగెత్తించి గుండెదడ తెప్పించి, అది ప్రమాదం కాదని ఒంటికి నేర్పడం కూడా ఆందోళన చికిత్సలో ఉన్న పద్ధతే. మన వరండా నాకు అక్కడ కనిపించింది.

వియన్నాలో 1920లలో జేకబ్ మొరీనో అనే వైద్యుడు అప్పటికప్పుడు అల్లుకునే నాటకాలు ఆడించి, మనసులోని బాధను చెప్పించే బదులు నటింపజేయవచ్చని గ్రహించాడు. వయోలా స్పోలిన్ అనే నాటక శిక్షకురాలు షికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ నాటకాన్ని ఆటలుగా మార్చింది. ఆటలో మునిగిన పిల్లవాడికి తనను ఎవరు చూస్తున్నారో పట్టించుకునే తీరిక ఉండదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరికొకరు అద్దం కావడం మనం ఎన్నిసార్లు ఆడలేదు! 2014లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధన చదివినప్పుడైతే మాస్టారే గుర్తొచ్చారు. నలుగురి ముందు పాడే ముందు, మాట్లాడే ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవారి కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవారే మెరుగ్గా చేశారట. వణుకును అణచడం కష్టం, దానికి ఇంకో పని అప్పగించడం తేలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, కళలు ఆరోగ్యానికి మేలు చేస్తాయని నివేదిక ఇచ్చింది. చక్రవర్తీ, నీకు ప్రత్యేకంగా ఒక మాట: లారెన్స్ ఒలివియర్ అంతటి నటుడికి కీర్తి శిఖరాన ఉన్న 1960లలో రంగస్థల భయం పట్టుకుంది. తన కళ్లలోకి చూడవద్దని తోటి నటులను బతిమాలుకున్నాడు.

ఒకసారి మాస్టారి ఇంటికి వెళ్లి ఈ పేర్లన్నీ ఉత్సాహంగా చెప్పాను. అంతా ఓపికగా విని, "ఇవేవీ నాకు తెలియవమ్మా. నీ చేతులు వణుకుతుంటే చూశాను. నాటకంలో వణికేవాడు ఎవరూ లేరు. ఒకణ్ని రాశాను" అన్నారు.

మా దగ్గర మొదటి వారాల్లో ఎవరినీ మాట్లాడించం. ఒక అబ్బాయి ఏడు వారాలు దీపాల మీటల దగ్గరే కూర్చున్నాడు. ఎనిమిదో వారం, రంగం మీదున్న అమ్మాయితో, "నీ ముఖం మీద వెలుగు పడటం లేదు, ఒక అడుగు ముందుకు రా" అన్నాడు. మా గదిలో ఆ అబ్బాయి పలికిన మొదటి వాక్యం అది. మేమెవరం చప్పట్లు కొట్టలేదు, ఆ అమ్మాయి ఒక అడుగు ముందుకు వచ్చింది. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

బహుమతులకూ పోటీలకూ నేను ఒప్పుకోను. ఈ విషయంలో తల్లిదండ్రులతో గొడవపడ్డాను, ఇకముందూ పడతాను. భయంతో నలిగే పిల్లను రంగం మీదికి ఈడ్చి, "చూశారా, ఎంత బాగా చేసిందో" అనడం వైద్యం కాదు. రోజూ ఊపిరాడని దడ వచ్చినా, నిద్ర పట్టకపోయినా, తనను తాను గాయపరచుకునే ఆలోచనలున్నా ముందు వైద్యుడి దగ్గరికే పంపుతాను. నాటకం ఆ చికిత్స పక్కన నడుస్తుంది, దాని స్థానంలో కాదు. ఏ రోజు ఏ పాత్ర వేసినా, చివర గుండ్రంగా నిలబడి ఎవరి పేరు వారు చెప్పుకుని, ఇంటికి వెళ్లి ఏం చేస్తారో ఒక్క మాట అనాల్సిందే. పాత్రను గదిలోనే వదిలి వెళ్లడానికి అది అవసరం. కిరీటాలు పెట్టెలో పెట్టాక మాస్టారు మనల్ని అలా నిలబెడితే, బస్సు వెళ్లిపోతుందని మహారాణి ఎంత గింజుకునేది! అప్పుడు మనకది ఆలస్యంగానే తోచింది.

కాగితాల కట్ట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎర్ర గీతలు వెలిసి గులాబీ రంగులోకి వచ్చాయి. రెండో భటుడికి ఉన్నవి మూడు మాటలు, రెండింటి పక్కన గీతలున్నాయి. కలయిక రోజున తెస్తాను. పదిహేడో పేజీ మాత్రం లేదు, వార్తాహరుడు వచ్చేది అందులోనే. ఆ వార్షికోత్సవం రాత్రి మేకప్ గదిలో ఎవరో తీసుకున్నారు. మీ పాత పుస్తకాల్లో ఎక్కడైనా ఉంటే దయచేసి వెంట తీసుకురండి.