ఆగిపోయిన మీటర్ గేజ్ డీజిల్ ఇంజన్‌నీ రెక్క సిగ్నల్‌నీ మళ్ళీ పనిలోకి తేవడం: నా అనుభవం

అకోలా–ఖండ్వా మీటర్ గేజ్ లైన్‌లో ధూల్‌ఘాట్ దగ్గర పట్టాలు కొండ ఎక్కడానికి గుండ్రంగా తిరిగి తమ మీదుగా తామే దాటిపోతాయి. హిందీ నాలుగు అంకెలా ఉంటుందని అక్కడివాళ్ళు దాన్ని ‘చార్ కా ఆంకడా’ అంటారు. ఒకప్పుడు హైదరాబాద్ నుంచి అజ్మీర్ వైపు పోయిన మీనాక్షి ఎక్స్‌ప్రెస్ దారి అదే. లైన్ దక్షిణ మధ్య రైల్వేది కాబట్టి మన రైల్వేవాళ్ళు చాలామందికి అది సొంత లైన్ లాంటిదే. 2017 నుంచి అక్కడ రైలు లేదు. ఆ ముక్క మేల్‌ఘాట్ పులుల అభయారణ్యం లోపలి నుంచి పోతుంది. కొత్తగా వేసే బ్రాడ్ గేజ్‌ను (వెడల్పు పట్టాల లైన్‌ను) అడవి బయట నుంచి తిప్పాలని నిర్ణయించాక పాత దారికి ఇక పని లేకుండా పోయింది.

ఆ లైన్ మీద బళ్ళు లాగిన రకం ఇంజన్ వై.డి.ఎం.-4. 1960ల మొదట్లో అమెరికాలోని ఆల్కో నుంచి దిగుమతి చేసుకున్నారు, తర్వాత 1968 నుంచి వారణాసిలో తయారుచేశారు. వరసగా ఆరు సిలిండర్లు, సుమారు 1400 హార్స్‌పవర్, ఆరు ఇరుసులు, 72 టన్నుల బరువు. ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ వదిలేసిన అలాంటి ఇంజన్‌ను, దానితోపాటు ఒక లోయర్ క్వాడ్రంట్ సిగ్నల్‌ను (రెక్క కిందికి వాలితే ‘పో’ అని చెప్పే రకం) ప్రదర్శన కోసం నడిచే స్థితికి తెచ్చాం. ఈ పని నెత్తికెత్తుకునే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఇంజన్‌లోనూ సిగ్నల్‌లోనూ ఒకే రకం తప్పు కనిపించింది. ఇంజన్ కంట్రోల్ ప్యానెల్‌లో ఎవరో ఆయిల్ ప్రెషర్ స్విచ్ రెండు టెర్మినళ్ళనూ జంపర్ వైరుతో కలిపేశారు. సిగ్నల్ స్తంభం మీదేమో రెక్క ఎప్పుడూ వాలి ఉండాలని దాన్ని పైకెత్తే బరువును బైండింగ్ వైరుతో పైకి కట్టేశారు. రెండూ ప్రమాదకరమైన పనులే. ఆయిల్ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 1.3 కిలోల దగ్గరకి పడితే ఇంజన్ దానంతటదే ఆగిపోవాలి. జంపర్ ఉంటే ఆగదు, బేరింగులు కాలిపోయాక ఆగుతుంది. లీవరు నుంచి రెక్కను లాగే సిగ్నల్ తీగ తెగితే బరువు కిందికి దిగి రెక్కను అడ్డంగా, అంటే ‘ఆగు’ స్థితికి తేవాలి. బరువును కట్టేస్తే తీగ తెగినా ‘పో’ అనే చూపిస్తుంది. అందుకే మిగతా ఏ పనీ ముట్టుకోకముందు ఈ రెండు వైర్లూ పీకేశాం.

ఇక ఇంజన్. బ్యాటరీ కలిపి బటన్ నొక్కి చూద్దామన్న ఆత్రమే దీనికి పెద్ద శత్రువు. పొగ గొట్టం మూత లేకుండా ఉంటే వాన నీళ్ళు లోపలికి దిగుతాయి. సిలిండర్ హెడ్ పగిలి ఉంటే కూలింగ్ నీళ్ళు కారతాయి. పిస్టన్ మీద నీళ్ళుండగా క్రాంక్ చేస్తే, అంటే స్టార్ట్ చేయడానికి తిప్పితే, నీళ్ళు అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే ఆరు సిలిండర్ల డీకంప్రెషన్ ప్లగ్గులూ (లోపలి ఒత్తిడిని వదిలించే బిరడాలు) విప్పి, ఇంజన్‌ను తిప్పే బారింగ్ రాడ్‌తో చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పాం. ఒక్కో ప్లగ్ రంధ్రం దగ్గర మనిషి నిలబడి చూడాలి. నాలుగో సిలిండర్ నుంచి మొదట తుప్పు రంగు తడి, తర్వాత అరగ్లాసు దాకా నీళ్ళు వచ్చాయి. కూలింగ్ సిస్టమ్ అప్పటికి ఖాళీగా ఉంది కాబట్టి అది వాన నీళ్ళే అని తేలింది. ఆ తర్వాత నీళ్ళు నింపి, ఒక రాత్రి ఉంచి, పొద్దున మళ్ళీ తిప్పాం. రెండోసారి కూడా తడి కనిపించి ఉంటే హెడ్ దించాల్సిందే.

ఆయిల్ సంగతి తేలిక. డిప్ స్టిక్ నుంచి ఒక చుక్క తీసి వేడి ఇనుప రేకు మీద వేయండి. చిటపటలాడితే నీళ్ళు కలిశాయన్నమాట, మొత్తం మార్చండి.

డీజిల్ ట్యాంకు అడుగున జిగురులాంటి మడ్డి ఉంటుంది. డ్రెయిన్ ప్లగ్ తీసి శుభ్రమైన డీజిల్ వచ్చే దాకా పోనివ్వాలి. ప్రైమరీ, సెకండరీ ఫిల్టర్లు రెండూ కొత్తవి వేయాలి. ఆ తర్వాత అసలు చూడాల్సింది ఫ్యూయల్ పంపుల ర్యాక్‌లు, అంటే సిలిండర్‌కి ఎంత డీజిల్ పోవాలో నిర్ణయించే కడ్డీలు. ఆరింటినీ ఒక్కొక్కటిగా లింకు విప్పి వేలితో జరిపి చూడండి, వెన్నలా జరగాలి. మా ఇంజన్‌లో రెండు బిగుసుకుపోయాయి. ర్యాక్ తెరుచుకున్న చోటే ఇరుక్కుంటే ఇంజన్ స్టార్టయ్యాక వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ మాట వినదు, వేగం పెరుగుతూ పోతుంది. కిరసనాయిలు కొట్టి సుత్తితో తడితే కదిలాయి కానీ దాన్ని నమ్మలేదు, పంపులు విప్పి కడిగించాం. వేగం హద్దు దాటితే ఇంజన్‌ను ఆపే ఓవర్ స్పీడ్ ట్రిప్‌ను కూడా చేత్తో ట్రిప్ చేసి, రీసెట్ చేసి చూశాకే ముందుకెళ్ళాం.

బ్యాటరీలు ఎనిమిది, ఒక్కోటి 8 వోల్టులు, కలిపి 64. మీటర్‌లో 64 చూపించినా మురిసిపోకూడదు. క్రాంక్ చేసేటప్పుడు మెయిన్ జనరేటరే మోటారుగా మారి ఇంజన్‌ను తిప్పుతుంది, వందల ఆంపియర్లు లాగుతుంది. ఒక్క సెల్ చచ్చినా అక్కడే బయటపడుతుంది. మొదటిసారి ఇంజన్ అర చుట్టు తిరిగి ‘ఊఁ’ అని ఆగిపోయింది. 32 సెల్స్ అన్నిటికీ హైడ్రోమీటర్ పెట్టి చూస్తే ఒకదాంట్లో యాసిడ్ సాంద్రత బాగా పడిపోయి ఉంది. ఆ బ్యాటరీ మార్చాకే క్రాంకింగ్ బిగువు వచ్చింది.

స్టార్ట్ చేసే రోజు వరస ఇదీ: నీళ్ళు, ఆయిల్, గవర్నర్ ఆయిల్ మట్టాలు చూసుకోవడం, బ్యాటరీ నైఫ్ స్విచ్ వేయడం, ఫ్యూయల్ పంప్ బ్రేకర్ ఎత్తి ప్రెషర్ వచ్చేదాకా ఆగడం, గొట్టాల్లో గాలి వదిలించడం, అప్పుడు బటన్. ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా బటన్ వదలకూడదు, వదిలితే ప్రెషర్ స్విచ్ ఇంజన్‌ను ఆపేస్తుంది. జంపర్ వేసిన మనిషి దీనికి విసిగే వేశాడని నా అనుమానం. ఐడిల్‌లో నిమిషానికి 400 చుట్లు. నీళ్ళు 50 డిగ్రీలు దాటేదాకా మేం నాచ్ (ఇంజన్ వేగం పెంచే మెట్టు) ముట్టుకోలేదు. తెల్లపొగ పది నిమిషాల్లో పలచబడింది.

బ్రేకు వాక్యూమ్‌ది. కంప్రెసరూ, బ్రేకు గొట్టంలోని గాలి లాగేసే ఎగ్జాస్టరూ ఒకే ఒంట్లో ఉన్న ఎక్స్‌ప్రెసర్ ఇంజన్ షాఫ్టుతోనే తిరుగుతుంది. గేజిలో 53 సెంటీమీటర్ల (పాదరసం) వాక్యూమ్ రావాలి. మాకు 40 దగ్గర ముల్లు ఆగిపోయింది. ఎగ్జాస్టర్ విప్పడానికి తొందరపడకుండా ముందు రెండు చివర్లా హోస్ పైపుల మూతులు చూడండి. రబ్బరు రింగు రాయిలా గట్టిపడి ఉంటుంది. మాకైతే రెండు రింగులు మారిస్తే 52 వచ్చింది, మిగిలినది ఒక జాయింటు బిగిస్తే సరిపోయింది.

సిగ్నల్ పని మాత్రం తేలిక అనుకుంటే మోసపోతాం. పింగాణీ పూత రెక్కకి పెయింట్ వేయొద్దు, సబ్బు నీళ్ళతో కడిగితే ఎరుపు, తెల్ల పట్టీ రెండూ తేలతాయి. పుల్లీల్లో పాత గ్రీజు దుమ్ముతో కలిసి లప్పంలా గట్టిపడుతుంది. దాన్ని గీకి పలచటి ఆయిలే వేయాలి, మళ్ళీ గ్రీజు పెడితే బరువు రెక్కను పూర్తిగా ఎత్తలేదు.

అసలు తలనొప్పి తీగ సాగడం. ఉక్కు తీగ 500 మీటర్లు ఉందనుకోండి, వేడి 20 డిగ్రీలు పెరిగితే సుమారు 120 మిల్లీమీటర్లు సాగుతుంది. లీవరు లాగేదే కొన్ని అంగుళాలు, అందులో అంత వదులు పోతే రెక్క సగమే వాలుతుంది. మధ్యాహ్నం ఎండలో రెక్క 45 డిగ్రీలు చక్కగా వాలేలా మేం అడ్జస్టర్ (తీగ బిగింపు సరిచేసేది) బిగించాం. మర్నాడు తెల్లవారుజామున చూస్తే లీవరు ఎవరూ ముట్టుకోకుండానే రెక్క కాస్త కిందికి జారి ఉంది. చలికి తీగ ముడుచుకుని దాన్ని లాగేసింది. అడ్డంగానూ లేని, పూర్తిగా వాలనూలేని రెక్కని డ్రైవరు ‘ఆగు’ కిందే లెక్క కట్టాలి. అందుకే రెండు పూటలా చూడాలి: తెల్లవారుజామున లీవరు వేయకుండా రెక్క పూర్తి అడ్డంగా ఉందా, మధ్యాహ్నం లీవరు లాగితే పూర్తిగా వాలుతోందా. రెండూ ఒకే బిగింపులో కుదరకపోతే, పూర్వం సిగ్నల్ క్యాబిన్‌లో ఉన్నవాళ్ళు రోజూ పూటపూటకీ అడ్జస్టర్ తిప్పేవాళ్ళు. మేమూ అలాగే చేస్తున్నాం.

ఇంకొక్కటి, దీపం. రెక్క పక్కన ఎరుపు, ఆకుపచ్చ అద్దాలుంటాయి. చేతిలోకి తీసుకుని పగటి వెలుగులో చూస్తే ఆ ‘ఆకుపచ్చ’ అద్దం నీలిగా ఉంటుంది. తప్పు అద్దం వేశారేమో అనుకుంటాం. కిరసనాయిలు దీపం మంట పసుపుగా ఉంటుంది, నీలం అద్దం గుండా వచ్చాక దూరానికి ఆకుపచ్చగా కనిపిస్తుంది. మేం తెల్లటి ఎల్‌ఈడీ పెట్టిన రాత్రి సిగ్నల్ నీలంగా వెలిగింది. దాన్ని తీసి పసుపు వెలుగు బల్బు పెట్టాక ఆకుపచ్చగా మారింది, ఇప్పుడు యార్డు చివర్నుంచి కూడా ఆకుపచ్చగానే కనబడుతోంది.