ఎటు వెళ్లాలో ఎవరు చెప్పాలి?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా పిన్ని వాళ్లు రెండో అంతస్తులో చిక్కుకున్నారు. "ఎటు వెళ్లమంటావురా?" అని ఫోనులో అడిగింది. ఏం చెప్పను? తర్వాత పడవలు వచ్చాయి, డ్రోన్లు ఆహార పొట్లాలు అందించాయి. మెచ్చుకోవలసిందే. కానీ అదంతా మునిగాక చేసిన పని.

ముందే చేయడం అసాధ్యమేమీ కాదు. 1999 తుపానులో దాదాపు పది వేల మందిని పోగొట్టుకున్న ఒడిశా, 2013లో ఫైలిన్ తుపాను తీరం తాకకముందే లక్షల మందిని తరలించింది. మరి నగరాల మాటేమిటి? అపార్ట్‌మెంటులో ఉన్నవాడు తన పాట్లు తానే పడాలనా? (మేడ మీద ఉంటే క్షేమమేనన్న ధీమా ఒకటి, తాగునీరు అయిపోయేదాకా.)

ప్రతి జిల్లాకూ ప్రణాళిక ఉండాలని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం చెబుతోంది. ఆ కాగితం వీధి దాకా రావాలి: ఏ బడికి వెళ్లాలి, బస్సు ఎక్కడ ఆగుతుంది, మంచం దిగలేని వృద్ధులను ఎవరు మోస్తారు. వార్డు సచివాలయాలు ఎలాగూ ఉన్నాయి. పింఛను ఇవ్వడానికి దొరికిన గడప, హెచ్చరిక చెప్పడానికి దొరకదా?