గీసుడు వచ్చు, చదువుడు రాదు

బీఏ ఎకనామిక్స్ మొదటి సెమిస్టర్ పిల్లలను డిమాండ్ రేఖ (ఏ ధరకు జనం ఎంత పరిమాణం కొంటారో చూపే గీత) గీయమంటే అరనిమిషంలో గీసేస్తారు. పైనుంచి కుడివైపు కిందికి ఒక గీత, దాని రెండు కొసలకూ ‘డి’ అక్షరం. అదే గీత మీద చుక్క పెట్టి, ఇక్కడ ధర ఎంత, పరిమాణం ఎంత అని అడగండి, తలలు వంగిపోతాయి.

అందుకే ఈసారి సిలబస్ ఎత్తుకోకముందే ఒక పరీక్ష పెట్టాను. మార్కులు లేవు, టెన్షన్ పడొద్దని ముందే చెప్పాను. హనుమకొండలో మా క్లాసుకు పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట వైపు పిల్లలే ఎక్కువ. ఇంటర్‌లో సీఈసీ, హెచ్ఈసీ. లెక్కలతో బంధం పదో తరగతిలోనే తెగింది. ‘లెక్కలు రావు’ అని ఒక్కమాటలో తేల్చకుండా, శాతాలు వేరుగా, సమీకరణం వేరుగా, గ్రాఫ్ గీయడం, చదవడం వేరువేరుగా అడిగాను.

ద్రవ్యోల్బణం 4 నుంచి 6 శాతానికి చేరితే ఎంత పెరిగినట్టు? దాదాపు అందరూ 2 శాతం అనే రాశారు. (పెరిగింది 2 శాతం పాయింట్లు, శాతంలో చెప్పాలంటే 50.) చివరి ప్రశ్న పత్తి మీద. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే, 12 వరకు, ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. తేమ 11 వస్తే చేతికెంత? పత్తి పండించే ఇళ్ల పిల్లలు చిత్తు లెక్క కూడా వేయకుండా 7,866 రూపాయల 70 పైసలు అని రాసిచ్చారు. జిన్నింగ్ మిల్లు కాంటా దగ్గర నాన్న పక్కన నిలబడి చూసిన లెక్క మరి!

అసలు చిక్కు గ్రాఫ్‌తోనే. పరిమాణం = 100 − 2 × ధర అని ఇస్తే, చాలామంది నిలువు అక్షం మీద 100, అడ్డం మీద 50 పెట్టి గీశారు. లెక్కల సార్ దిద్దితే ఫుల్ మార్కులు, మా సబ్జెక్టులో తప్పు. ధరను బట్టి పరిమాణం మారుతుందని చెప్తూనే ధరను నిలువు అక్షం మీదికి ఎక్కిస్తాం మేము. ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ నాటి నుంచి పాతుకుపోయిన అలవాటు. ఆ సంగతి చెప్పకుండా పిల్లల్ని అనడం అన్యాయం.

తర్వాత ఆ గీత మీదే వ్యాకోచత్వం, అంటే ధర ఒక శాతం మారితే పరిమాణం ఎన్ని శాతం మారుతుందో, కట్టించాను. ధర 10 దగ్గర 0.25, 25 దగ్గర 1, 40 దగ్గర 4. గీత ఒకటే, వాలు ఒకటే. ‘నిటారుగా ఉంటే అవ్యాకోచం’ (ధర మారినా పరిమాణం పెద్దగా మారదు) అని ఇంటర్‌లో బట్టీ పట్టినవాళ్లు కాసేపు నన్నే అనుమానంగా చూశారు. వెనక బెంచీ అబ్బాయి మాత్రం, “మేడం, గీసుడైతే వచ్చు గని గిట్ల చదువుడు ఎవ్వలు చెప్పలే” అన్నాడు.

చెప్పరు కూడా. గీసిన పటానికి మార్కులు పడుతున్నంతకాలం ఎవరికీ ఆ అవసరం రాదు. వచ్చే ఇంటర్నల్‌లో గీత నేనే గీసి ఇస్తాను, వాళ్లు చదివి రాయాలి. ఈలోగా అందరికీ గ్రాఫ్ పేపర్లు ఇచ్చి, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు రోజూ వచ్చే మిర్చి బస్తాలు, ఆ రోజు ధర చుక్కలుగా పెట్టమన్నాను. ఆ చుక్కలు కలిపితే వచ్చేది డిమాండ్ రేఖ కాదు, రోజురోజుకూ సరఫరా, డిమాండ్ రెండూ మారుతుంటాయి కాబట్టి. ఆ మాట ఎవరైనా లేచి నాతో వాదిస్తారేమోనని చూస్తున్నాను.