హైతీకి ఏళ్ల తరబడి నిలబడే సాయం కావాలి

మా అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. 1969లో వచ్చి దాన్ని పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 2009లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. బత్తలపల్లి ఆసుపత్రి, పల్లెల్లో ఆడవాళ్ల పేరు మీద రాసిన ఇళ్లు, ఇవన్నీ అలా ఏళ్ల తరబడి అంటిపెట్టుకుని ఉండడం వల్ల వచ్చినవే.

కరీబియన్ దేశం హైతీ గురించి చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. 2010 జనవరి 12 భూకంపం తర్వాత దేశాలన్నీ వందల కోట్ల డాలర్లు ప్రకటించాయి, కానీ హైతీ ప్రభుత్వం చేతికి, అక్కడి సంస్థల చేతికి నేరుగా అందింది చాలా తక్కువ, ఎక్కువ భాగం దాతల సొంత ఏజెన్సీలు, కాంట్రాక్టర్ల మీదుగానే ఖర్చయిపోయింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి శాంతి దళం క్యాంపు మురుగు నదిలో కలిసి కలరా పుట్టి వేలమంది పోయారు.

బియ్యం సంగతి ఇంకా ఘోరం. 1990ల్లో హైతీలో బియ్యం మీద దిగుమతి సుంకాన్ని 3 శాతానికి దించారు. సబ్సిడీతో పండిన చవక అమెరికా బియ్యం వచ్చిపడి అక్కడ వరి పండే ఆర్టిబొనైట్ లోయ రైతులు దెబ్బతిన్నారు. తర్వాత 2010లో, 1990ల్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న క్లింటనే అది తప్పని ఒప్పుకున్నారు. వాన పడి పంట చేతికొచ్చినా ధర లేకపోతే ఏమవుతుందో మా వేరుశనగ రైతులకు తెలుసు.

మంచి పని కూడా జరిగింది. హైతీలోని కాంజ్ అనే ఊళ్లో అమెరికా డాక్టర్ పాల్ ఫార్మర్ బృందం 1980ల నుంచి పనిచేస్తూ, ఊరివాళ్లకే జీతమిచ్చి, క్షయ రోగుల ఇంటికెళ్లి మందు మింగించే ఏర్పాటు చేసింది.

నేనైతే హైతీలో బడి పిల్లల అన్నం ఆర్టిబొనైట్ బియ్యంతోనే వండించాలంటాను, అదీ రేటు ముందే చెప్పి, ఏటేటా కొంటూ.